నీలం కూజా ఎవరిది?

బొమ్మల ప్రదర్శనకు వచ్చినవాళ్ళంతా రంగులు చూస్తున్నారు. ఆర్టిస్టుగారి భార్య మాత్రం సామాన్లు చూస్తోంది. మూడో బొమ్మ దగ్గర ఆమె కాళ్ళు ఆగిపోయాయి. బల్ల మీద నీలం కూజా, గళ్ళ గుడ్డ, రెండు బేరిపళ్ళు. ఆ కూజా వాళ్ళింట్లో లేదు. ఆ గుడ్డా లేదు. వెలుతురు ఎడమ నుంచి పడుతోంది. వాళ్ళింట్లో ఆయన బొమ్మలేసే బల్లకి కిటికీ కుడివైపు.

ఆయన కంటిముందు లేనిదాన్ని గీయడు. పెళ్ళయిన ఇరవయ్యారేళ్ళలో ఒక్క ఆకునైనా ఊహించి వేసిన పాపాన పోలేదు. మరి ఈ బల్ల ఎవరింట్లోది?

"వదినా, అలా గుచ్చిగుచ్చి చూస్తున్నావ్, కొంటావా ఏంటి?" అంది ఆడపడుచు.

"మీ అన్నయ్యకి ఇంకో కాపురం ఉన్నట్టుంది."

"ఆయన మొహానికా! ఉన్న ఒక్క ఇంట్లోనే ఉప్పుడబ్బా ఎక్కడుందో తెలీదు."

ఆమెకు నవ్వు రాలేదు. నిప్పు లేనిదే పొగ రాదు. పక్క గోడ మీద ఊరి దృశ్యాలు ఆరు. ఆరూ ఒకే కిటికీలోంచి చూసినవే: కింద రంగులద్దే దుకాణం, దాని డాబా మీద ఆరేసిన గుడ్డలు, వెనకాల కొండ. ఆ దుకాణం ఆమెకు తెలుసు. దాని ఎదుట ఉన్న మేడ టైలరుది.

ఎవరికీ చెప్పకుండా బయటపడింది.

"ఆర్టిస్టుగారి గది కోసమా? పైన. నాలుగేళ్ళయింది తీసుకుని," అన్నాడు ముసలి టైలరు, మెడలో టేపు సర్దుకుంటూ.

"ఆయనతో ఎవరొస్తుంటారు?"

"ఈగ కూడా రాదమ్మా. ఎవర్నీ రానివ్వొద్దన్నారు. ముఖ్యంగా ఇంట్లోవాళ్ళని."

"ఆయనే పంపారు, ఇంకో బొమ్మ తెమ్మని," అని నదురూ బెదురూ లేకుండా అబద్ధమాడి తాళంచెవి పుచ్చుకుంది.

గదిలో ఒకటే కుర్చీ. ఒకటే గ్లాసు. తలుపు వెనక చూసింది, బీరువా తీసి చూసింది. ఆడమనిషి వస్తువు దువ్వెన పన్నంత కూడా దొరకలేదు. బల్ల మీద నీలం కూజా, నల్లబడ్డ బేరిపళ్ళు, ముడతలు పడ్డ గుమ్మడికాయ. గుడ్డ మీద ప్రతిదాని చుట్టూ సుద్దతో గీత, జరిగితే తెలిసేలా.

అప్పుడు వెలిగింది ఆమెకు. నాలుగేళ్ళ కిందట ఇంట్లో బల్ల మీద ఒక గుమ్మడికాయ వారం రోజులుండిపోయింది. పాడైపోతుందని కోసి వండేసింది. బల్ల మీద సుద్దగీతలుంటే మరకలనుకుని శుభ్రంగా తుడిచేసింది. ఆయన పల్లెత్తు మాట అనలేదు. కూర బాగుందన్నాడు, మళ్ళీ వేయించుకున్నాడు.

కుళ్ళిన పండు పారేద్దామని చెయ్యి ముందుకెళ్ళింది. వేలికి సుద్ద తగలగానే వెనక్కి లాక్కుంది.

తిరిగొచ్చేసరికి ప్రదర్శన హాల్లో ఆయన నలుగురి మధ్య నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి పక్కకొచ్చాడు.

"ఎక్కడికెళ్ళావ్?"

"కాస్త గాలికి."

ఆయన ఆమె మొహం వంక చూశాడు, తర్వాత వేళ్ళ వంక. గొంతు తగ్గించాడు.

"ఏమైనా కదిపావా?"

"లేదండీ, ఒట్టు."

"సరే," అన్నాడు. రెండు నిమిషాల తర్వాత ఎవరో పెద్దమనిషి బొమ్మ కొంటానని ఆయన కోసం వెతుకుతుంటే, ఆయన అప్పటికే మెట్లు దిగి టైలరు వీధి వైపు వడివడిగా పోతున్నాడు.