ఆమెన్ దాకా చల్లారని అన్నం

సాయంత్రం ఏడింటికి దర్జీ కింద దుకాణంలో మిషన్ ఆపి, మెడలో టేపు తియ్యడం మర్చిపోయి మెట్లెక్కి వచ్చేవాడు. అప్పటికే అతని భార్య బల్ల మీద నాలుగు కంచాలు పెట్టేది. పెద్దకూతురు మంచినీళ్లు పోసేది. చిన్నకూతురు చిట్టి మాత్రం వేలు కదపకుండా దర్జాగా కూర్చునేది, ఎందుకంటే ప్రార్థన దానిది. ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లే చెప్పాలన్నది వాళ్ల తాతల నాటి పద్ధతి. అది సిలువ గుర్తు వేసుకుని, గడగడా ప్రార్థన చదివేసి, చివర్లో తన సొంతం ఒకటి కలిపేది.

"రేపైనా కూర మార్చు ప్రభువా, ఆమెన్."

అమ్మ నవ్వు ఆపుకునేది. అప్పుడు పొగలు తగ్గి, అన్నం తినే వేడికి దిగేది. ఆ ఇంట్లో ప్రార్థన కాకుండా అన్నం చల్లారదు మరి. పాలావిడకీ తెలుసు, చర్చి ఫాదర్‌గారికీ తెలుసు. ఆయన ఒకసారి భోజనానికొచ్చి, తొందరపడి నాలుక కాల్చుకున్నారు కూడా.

చిట్టి జ్వరంతో పోయి ఏడు నెలలైంది. దానికి తొమ్మిదేళ్లు.

ఆ తర్వాత బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. దర్జీ తన కంచం కిందికి పట్టుకుపోయి ఇస్త్రీ బల్ల మీద తినేవాడు. అమ్మ పొయ్యి దగ్గరే నిలబడి నాలుగు మెతుకులు నోట్లో వేసుకునేది. పెద్దది తన గదిలో తలుపేసుకునేది. ప్రార్థన లేదు గనక అన్నం ఎంతసేపున్నా పొగలు కక్కుతూనే ఉండేది. ఎవరి బాధ వాళ్లు పడ్డారు గానీ ఒకరికొకరు చెప్పుకోలేదు.

ఇప్పుడు ఇంట్లో అందరికంటే చిన్నది పెద్దకూతురే. ప్రార్థన తనే చెప్పాలని దానికి తెలియక కాదు. అన్నం ఇంకా చల్లారలేదంటే చిట్టి కోసం చూస్తోందని దాని నమ్మకం. తను ఆమెన్ అంటే, చెల్లి ఇక రాదని అన్నానికి తనే చెప్పినట్టు. ఆ పని తనవల్ల కాదు.

ఒక ఆదివారం చర్చిలో పూజ నుంచి రాగానే అమ్మ పెట్టె సర్దుకుంది. ఒంటిగంట బస్సుకి తన అక్క దగ్గరికి వెళ్తానంది.

"మళ్లీ ఎప్పుడొస్తావు?" అన్నాడు దర్జీ.

"తెలీదు. ఈ ఇంట్లో నాకు ఊపిరాడ్డం లేదు."

"అన్నం తినేసి వెళ్లు." అతను పెట్టెని గుమ్మం దగ్గర్నుంచి లోపలికి జరిపాడు.

అలవాటు కొద్దీ ఆమె బల్ల మీద నాలుగు కంచాల్లో వడ్డించేసింది. వడ్డించాక చూసుకుంది, తియ్యడానికి చెయ్యి రాలేదు. ముగ్గురూ కూర్చున్నారు. ఆమె ముద్ద కలపబోయి వేళ్లు చటుక్కున వెనక్కి తీసుకుంది. గడియారం చూసింది. ఊదింది. మళ్లీ చెయ్యి పెట్టింది.

అప్పుడు పెద్దది అమ్మ వేళ్లు చూసింది. కొసలన్నీ కాలి, తోలు లేచిపోయి ఉన్నాయి. నాన్న వేళ్లూ అంతే. తన వేళ్లు తనకి తెలుసు.

"పితా పుత్ర పవిత్రాత్మ నామమున," అంది. ప్రార్థన మొత్తం చెప్పింది. ఆమెన్ అంది. పొగలు తగ్గలేదు.

అమ్మ తలెత్తకుండానే, "దాని మాట వదిలేశావే," అంది.

పెద్దది చిట్టి కంచం వైపు తిరిగింది. నాన్న దాని చెయ్యి పట్టుకున్నాడు.

"రేపైనా కూర మార్చు ప్రభువా," అంది. "ఆమెన్."

నాలుగు కంచాల్లోనూ పొగ ఆగిపోయింది. నాలుగోదాన్ని చూస్తూ అమ్మ ఏడ్చింది. సమాధి దగ్గర కూడా ఏడవని మనిషి, వీధిలోకి వినిపించేలా ఏడ్చింది. దర్జీ ఆదివారం కూడా మెడలోనే ఉన్న టేపు కొసతో కళ్లు ఒత్తుకున్నాడు. వీధి చివర బస్సు హారన్ కొట్టింది, కాసేపాగి మళ్లీ కొట్టి వెళ్లిపోయింది. ఎవరూ లేవలేదు.

చాలాసేపటికి అమ్మ నాలుగో కంచంలో అన్నం తీసి ముగ్గురికీ సమానంగా పంచింది. ముక్కు తుడుచుకుని, కూతురి వైపు చూసింది.

"రేపు ఏం కూర చెయ్యను?" అంది.