బండి కింద తెల్ల తువ్వాల

కర్నూలు మునిగిన పెద్ద వరదకు పదిహేనేళ్లు నిండిన దసరా అది. ఆ వరద పోయిన మరుసటి ఏడే ఆళ్లగడ్డ శేషయ్య పికప్ బండి కొన్నాడు. కొన్నది మొదలు దాని నట్టు ఇంకొకడి చేత విప్పించలేదు. ఆయిల్ మార్చడం, గ్రీసు కొట్టడం, ఫిల్టరు బిగించడం అన్నీ ఇంటి ముందర వేపచెట్టు నీడలోనే. ఏటా ఆయుధపూజకు ముందురోజు బండిని పూర్తిగా చూసుకోవడం ఆయనకు పండగలో ఒక భాగం.

ఈసారి మాత్రం ఆ పని మీద ఒక షరతు పడింది.

పోయిన నెల శిరివెళ్ల కాడ బండి నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఇంజను కింద ఆయిల్ దించే బోల్టు దగ్గర ఆయిలంతా కారిపోయి ఇంజను ఎర్రలైటు వేసింది. నంద్యాలలో ఎరువుల అంగడి నడిపే కొడుకు ఉమాశంకర్ పోయి తాడు కట్టి లాక్కొచ్చాడు. ఆ సంగతి మనసులో పెట్టుకొని, పండగ ముందురోజు పొద్దున్నే వచ్చి నులకమంచం మీద కూర్చున్నాడు.

"నాయనా, నీకు డెబ్బై దాటినాయి. బండి నంద్యాలకు తీస్కపోతా. షెడ్డుకిస్తా, డ్రైవర్ను పెడతా. నువ్వు ఇంట్లో కాలు మీద కాలేసుకో."

శేషయ్య స్పానర్ తుడుచుకుంటూనే ఉన్నాడు.

"పలకవేం? సరే, ఒక మాట. ఈ పొద్దు నువ్వే చేసుకో. సాయంత్రం బండి కింద నా తెల్ల తువ్వాల పరుస్తా. తెల్లారేసరికి దాని మీద ఒక్క ఆయిల్ చుక్క పడినా తాళాలు నావి. పడకపోతే ఇంకెప్పుడూ అడగను."

"ఊఁ," అన్నాడు శేషయ్య. బండి పోతే తనకు మిగిలేది ఏందో ఆయనకు బాగా తెలుసు. ఆ నులకమంచం.

చక్రాల వెనక రాళ్లు పెట్టి, ఇంజను కాసేపు తిప్పి, కిందికి దూరాడు. వేడెక్కిన ఆయిల్ నల్లగా, ధారగా బేసిన్‌లోకి దిగింది. రెండు వేళ్ల మధ్య రుద్ది చూశాడు. గరుకు లేదు. ఇంజను బాగానే ఉంది. విప్పిన బోల్టును, దానికి అంటుకున్న రాగి వాషరుతో సహా, ఆ బేసిన్‌లోనే వేశాడు. పద్నాలుగేళ్లుగా అదే అలవాటు. నేల మీద పెడితే కోడి తన్నుకుపోతుంది, ఆయిల్లో వేస్తే యాడికీ పోదని ఆయన లెక్క.

కొత్త ఫిల్టరు తెద్దామని అంగడికి పోయి వచ్చేసరికి బేసిన్ బోర్లించి ఉంది. తళతళా మెరుస్తోంది.

"ఏమేవ్," అన్నాడు భార్యను.

సరస్వతమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "ఏందీ? బేసిన్ తోమినా. పండగ గదా."

"ఆయిలు?"

"పంచినా. మంచం కోళ్లకు, కొట్టం గుంజలకు చెదలు పట్టకుండా పూస్తారు గదా! ఏటా పంచేదే. నువ్వు మర్నాడు చెప్తావు, నేను ఈ పొద్దే పంచినా. అంతే."

"దాంట్లో బోల్టుండ్య."

సరస్వతమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మంచం మీద ఉమాశంకర్ పగలబడి నవ్వాడు. "ఆహా! షెడ్డులో అయితే బోల్టును ఊరంతా పంచరు నాయనా!"

"నవ్వుతాండావా? లెయ్యిరా, బేగా," అని సరస్వతమ్మ వాణ్ని మంచం మీంచి లేపింది. "మూడిండ్లకు పోసినా. పదండి."

ముగ్గురూ వీధిన పడ్డారు. మొదటి ఇంట్లో ఆయిలంతా గుంజలకు ఎక్కేసింది, బోల్టు లేదు. రెండో ఇంట్లో కొబ్బరి పీచుతో మంచం కోళ్లకు పూస్తున్నారు, డబ్బా అడుగున చెయ్యి పెట్టి కలిపినా తగల్లేదు. మూడోది యశోదమ్మ ఇల్లు. శేషయ్యకు మరదలి వరస, నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి.

"బోల్టా బావా? ఉంది. చూద్దువు రా."

దేవుని గూటి కింద పీట మీద రేపటి పూజకు ఆయుధాలు వరసగా పేర్చి ఉన్నాయి. గడ్డపార, కొడవలి, కుట్టుమిషను కత్తెర. వాటి పక్కన, చింతపండుతో తోమి పసుపు రాసి, నెత్తిన గుండ్రంగా కుంకుమ బొట్టుతో, శేషయ్య బోల్టు.

"డబ్బా అడుగున టంగుమని మోగింది. నాకు బండి ల్యాకపాయె, బండి ముక్కయినా వచ్చిందని పెట్టుకున్నా."

"ఇయ్యి," అన్నాడు శేషయ్య.

"ఎట్లిస్తా బావా? బొట్టు పెట్టినా. రేపు పూజయ్యేదాకా పీట మీంచి తీయగూడదు."

ఉమాశంకర్ మెల్లగా తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "చిన్నమ్మ చెప్పేది న్యాయమే నాయనా. రేపటికి తువ్వాలెందుకు, తాళాలే ఇయ్యి."

శేషయ్య పీట వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"యశోదా. గడ్డపార ఆయుధమైతే బండీ ఆయుధమే. దాని కాలు విరిచి నీ పీట మీద పెట్టుకొని, రేపు నేను కుంటి బండికి పూజ చేయాల్నా? బోల్టు దాని చోట్లో ఉండనీ. రేపు మొదటి టెంకాయ నువ్వే కొట్టు. ముందు సీట్లో నిన్ను కూచోబెట్టి ఊరంతా తిప్పుతా."

సరస్వతమ్మ కళ్లు పెద్దవి చేసింది. "పెండ్లినాడు గూడా ఇన్ని మాటలు చెప్పల్యా ఈ మనిషి!"

యశోదమ్మ బోల్టును తమలపాకులో పెట్టి రెండు చేతులా ఇచ్చింది. "ఒకటే మాట బావా. బొట్టు చెరపొద్దు."

"చెరపను."

ఇంటికొచ్చి శేషయ్య రాగి వాషరును మాత్రం బోల్టు నుంచి వేరు చేశాడు. వంటింటి గడపలో నిలబడి, "స్టవ్ వెలిగించు," అన్నాడు.

రాగి వాషరును ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే మెత్తబడుతుంది. మెత్తబడితేనే బోల్టు కింద ఒదిగి కూర్చుంటుంది, చుక్క కారదు. పట్టకారుతో మంట మీద పట్టుకొని చూస్తూ, "పోయినసారి ఆయిల్ మార్చినప్పుడు కాల్చలేదు," అన్నాడు మెల్లగా.

"ఏం? ఎందుకు?"

"ఎండాకాలంలో. నాలుగు దినాలు నువ్వు నాతో మాట్లాడ్తాండ్లేదు. స్టవ్ ఎట్ల అడిగేది?"

సరస్వతమ్మ గోడకు ఆనుకొని నవ్వడం మొదలుపెట్టింది. "అంటే శిరివెళ్ల కాడ బండి ఆగింది నా మూలాన్నా!"

"నా మూలాన్నే," అని వాషరును నీళ్లలో వేశాడు. చుంయ్‌మంది.

బోల్టు బిగించాడు. బొట్టు చెరగకుండా స్పానర్‌ను అంచుల్లో పట్టి తిప్పాడు. కొత్త ఫిల్టరు, కొత్త ఆయిల్, గ్రీసు. పొద్దు వాలేసరికి పని ముగిసింది. ఉమాశంకర్ తువ్వాలను నాలుగు మూలలా రాళ్లు పెట్టి పరిచాడు. "పాలనురుగు మాదిరుంది చూడు," అన్నాడు.

తెల్లారింది. ఉమాశంకర్ అందరికన్నా ముందే వంగి చూసి కేక పెట్టాడు. "చుక్క! చుక్క పడింది నాయనా!"

సరస్వతమ్మ పరుగున వచ్చింది. తువ్వాల నడిమధ్యన నిజంగానే ఒక మచ్చ ఉంది. శేషయ్య తువ్వాలను లాగి, మచ్చను వేలితో రుద్ది, ఆ వేలిని కొడుకు ముక్కు కింద పెట్టాడు. ఆయిల్ వాసన లేదు. వేలు ఎర్రగా ఉంది. ఆరిన కుంకుమ రాత్రి పొడిగా రాలింది.

ఉమాశంకర్ తల గీరుకున్నాడు. తర్వాత, రాత్రే తీసి జేబులో వేసుకున్న బండి తాళాలను గలగలమనిపిస్తూ తండ్రి చేతిలో పెట్టాడు.

శేషయ్య ఆ తువ్వాలను దులిపి, ఎర్రచుక్క నుదుటి మీదికొచ్చేలా తలకు చుట్టుకున్నాడు. బండి ఎక్కి, యశోదమ్మ ఇంటి ముందర ఆపి, ఆమె టెంకాయతో బయటికొచ్చేదాకా హారన్ మోగించాడు.