జడ విప్పుకున్న రోజు

వినుకొండ దగ్గరి ఆ ఊళ్లో కోటిరత్నం మిరప కల్లాల్లో కాయల తొడిమలు తీసేది. ముప్పై ఆరేళ్లుంటాయి. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల తక్కువ. చెప్పిన పని చేస్తుంది, అడిగినదానికల్లా "ఊఁ" అంటుంది. అమ్మానాన్నా పోయాక అక్క సుబ్బరావమ్మ దగ్గరే ఉంటోంది.

ఫిబ్రవరిలో ఒక రోజు అన్నం మానేసింది. అక్క ఆమెను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లింది. ఓపీ చీటీలిచ్చే కిటికీ దగ్గర సాజిదా పేరు, వయసు, ఫోన్ నంబరు కంప్యూటర్లో ఎక్కించి, కోటిరత్నం జుట్టు విరబోసుకుని ఉండటం చూసి, "జడ వేసి తీసుకురావచ్చు కదక్కా" అంది. సుబ్బరావమ్మ ఏదో చెప్పబోయింది. వెనక ఇరవై మంది ఉన్నారు; సాజిదా తర్వాతి వాళ్లను పిలిచేసింది.

లోపల డాక్టర్ చైతన్యకృష్ణ కడుపు నొప్పా అని అడిగాడు. "ఊఁ" అంది. తలనొప్పా? "ఊఁ". కాళ్లు నొప్పులా? "ఊఁ". ఆయన గ్యాస్ మాత్రలు రాసి పంపాడు.

మూడో రోజు ఆమె కల్లంలోనే పడిపోయింది. గుంటూరు తీసుకెళితే అపెండిక్స్ పగిలిందన్నారు. ఆపరేషన్ చేశారు. పంతొమ్మిది రోజులకు ఇంటికి వచ్చింది.

డిశ్చార్జి కాగితాలు చూపించడానికి వచ్చిన సుబ్బరావమ్మను సాజిదా పలకరించింది.

"నొప్పంటే అది నోటితో చెప్పదమ్మా. జడ ఇప్పేసుకుంటది. చిన్నప్పట్నుంచీ అంతే. ఆ రోజు చెబుదామనే నోరు తెరిచా."

ఆమె గొంతులో కోపం లేదు. సాజిదా ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవలేదు.

కంప్యూటర్లో ఇలాంటి సంగతి రాయడానికి గడి లేదు. చిరునామా మాత్రం చీటీ మీద అచ్చవుతుంది. సాజిదా డోర్ నంబరు తీసేసి, ఆ చోట "నొప్పి వస్తే జడ విప్పుకుంటుంది" అని కొట్టింది.

కుట్లు చూపించుకోవడానికి కోటిరత్నం వచ్చిన రోజు డాక్టర్ ఆ చీటీ పట్టుకుని బయటికి వచ్చాడు.

"సాజిదా గారూ, అడ్రస్‌లో ఇదేంటి?"

"ఇంకెక్కడా ఖాళీ లేదు సార్. ఇక్కడైతే మీ కంట పడుతుంది."

ఆయన చీటీ మళ్లీ ఒకసారి చదివాడు. "మన పరిధిలో ఇలాంటివాళ్లు ఇంకా ఎంతమంది ఉన్నారు?"

ఎవరికీ తెలియదు.

ఆశా కార్యకర్తలతో కలిసి సాజిదా ఆదివారాలు ఊళ్లు తిరిగింది. కొందరు తలుపు వేసుకున్నారు. "మా పిల్లకి పిచ్చని రాసుకుంటారా?" అని ఒకావిడ గట్టిగానే అడిగింది. చర్చి వీధిలో మార్క్ అనే అలాంటి కుర్రాడి తండ్రి జయరావు మాత్రం కుర్చీ వేసి, చెవిపోటు వస్తే కొడుకు నవ్వుతాడని చెప్పాడు. వేసవి అయ్యేసరికి ఇరవై ఆరు పేర్లు చేరాయి. వాళ్లందరికీ ఏడాదికోసారి పరీక్షలు చేయాలనుకున్నారు. ఇలాంటి సంగతులు రాయడానికి కంప్యూటర్లో ఒక గడి కావాలని డాక్టర్ పై అధికారులకు రెండు ఉత్తరాలు రాశాడు. జవాబు రాలేదు. చిరునామా గడినే వాడుకుంటున్నారు.

జూలైలో కోటిరత్నం రక్తపరీక్షకు వచ్చింది. సాజిదా ఈసారి అక్కను కాక ఆమెనే అడిగింది.

"రత్నం, నీ గురించి డాక్టరు గారికి ఇంకేం చెప్పమంటావు?"

దీనికి "ఊఁ" అంటే కుదరదు. కోటిరత్నం కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడింది. వెనక లైను కదల్లేదు. సాజిదా ఆగింది.

"ముందు సూది చూపియ్యమను" అంది చివరికి.

సాజిదా వీధి పేరు కూడా తీసేసి ఆ మాట ఎక్కించింది. లోపల డాక్టర్ చీటీ చదివి, సూదిని ఆమె ముందు పెట్టాడు. ఆమె వంగి దాన్ని అటునుంచీ ఇటునుంచీ చూసింది. తర్వాత చెయ్యి చాపింది.