ఒంటికి పడని చేప

నోరు కట్టుకుని బతకడం ఆమెకు చేతకాదు. పళ్ళ ఆసుపత్రి వెనక గదిలో కూర్చుని కట్టుడు పళ్ళు తయారుచేయడం ఆమె పని. మైనం కరిగించి, అచ్చు తీసి, ఒక్కో పన్నునూ దాని చోట కూర్చి, చివర్లో నునుపు చేసేటప్పుడు, "పాపం, వీటితో మొదట ఏం తింటారో" అని తనలో తను అనుకునేది. కొత్త పళ్ళు పెట్టించుకుని వెళ్ళేవాళ్ళకు డాక్టరు వాటిని ఎలా కడుక్కోవాలో చెబితే, ఈమె వాటితో ఏమేం తినాలో చెప్పేది. ఆసుపత్రిలో అందరికీ ఆమె పళ్ళక్క.

ముందు గదిలో కూర్చుని రోగులను ఒక్కొక్కరినే లోపలికి పంపేది గంటమ్మ. నోరు తెరిస్తే గంట మోగినట్టే ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఆ రోజు గంటమ్మ పుట్టినరోజు. మధ్యాహ్నం నుంచి డాక్టరు లేడు.

"అక్కా, ఎన్నాళ్ళ నుంచో అనుకుంటూనే ఉన్నాం. ఇవాళ ఆ పెద్ద హోటల్లో టీ తాగాల్సిందే" అని గంటమ్మ చెయ్యి పట్టుకుని లాగింది.

పళ్ళక్కను తిండికి పిలవడానికి చెయ్యి పట్టుకుని లాగాల్సిన పనేముంది? గోళ్ళలో ఇరుక్కున్న ప్లాస్టర్ పొడి కడుక్కుని గంటమ్మ కంటే ముందే గుమ్మం దాటింది.

టీ గది హోటల్ పై అంతస్తులో ఉంది. గట్టిగా గంజి పెట్టిన తెల్లటి బల్లగుడ్డలు, మాట్లాడితే మనకే వినిపించనంత నెమ్మదిగా మాట్లాడుకునే జనం. మూడంతస్తుల పళ్ళెం ఒకటి తెచ్చి మధ్యలో పెట్టారు. కింద వేలెడంత శాండ్‌విచ్‌లు, మధ్యలో వెన్న రాసుకుని తినే గుండ్రటి బన్నులు, పైన బొటనవేలంత కేకులు.

"ఇవి తినడానికా అక్కా, అద్దాల బీరువాలో పెట్టుకోడానికా?"

"నోరు మూసుకుని తిను. కింద నుంచి పైకి వెళ్ళాలి. తీపి ముందు తింటే నాలుక మొద్దుబారిపోతుంది."

"నోరు మూసుకుని ఎలా తింటారక్కా?"

పళ్ళక్క నవ్వి కళ్ళు మూసుకుంది. ఏదైనా బాగుంటే ఆమె కళ్ళు వాటంతటవే మూసుకుపోతాయి. దోసకాయ ముక్కలు నీళ్ళోడకుండా ఉప్పు రాసి పిండారని చెప్పింది. కేకులో నిమ్మరసం కాదు, నిమ్మతొక్క తురిమారని చెప్పింది. టీ మాత్రం అవసరానికి మించి మరిగిందని పెదవి విరిచింది. గంటమ్మకు అవేవీ తెలియలేదు కానీ, అక్క పక్కన కూర్చుని తింటే వట్టి రొట్టె కూడా విందులా ఉంటుందని మాత్రం తెలుసు.

పళ్ళెం ఖాళీ అయ్యాక గంటమ్మ కిటికీలోంచి కిందికి చూసింది. దూరంగా చేపల రేవు. పడవలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి.

"కడుపులో ఓ మూలకి కూడా చాల్లేదక్కా. పద, అక్కడికెళ్ళి చేపలు తిందాం. అక్కడ ఏరుకున్న చేపని మన కళ్ళముందే వండిపెడతారట."

పళ్ళక్క టీ కప్పు కింద పెట్టి పడవల వైపు చూసింది.

ఆమె పుట్టింది ఇంకో ఊళ్ళో, అలాంటి రేవు పక్కనే. తండ్రి పడవ మీద వెళ్ళి తెచ్చిన చేపను తల్లి వండితే, ఆ వాసనకు వీధి చివరి నుంచి పరిగెత్తుకొచ్చేది. అలాంటి మనిషి పెళ్ళయ్యాక ఇంట్లో చేప వండలేదు. భర్తకు చేప పడదు. చేపే కాదు, పీత, రొయ్య, ఏదీ పడదు. ముక్క నోట్లో పడితే గొంతు వాచి ఊపిరి ఆడదట. ఆయనకు మందుల షాపు ఉంది. పడకపోవడం గురించి ఆయనకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది? చొక్కా జేబులో ఎప్పుడూ ఓ మాత్రల అట్ట ఉండేది. ఎవరైనా భోజనానికి పిలిస్తే ముందు అది తీసి చూపించేవాడు.

చేప తినాలనిపిస్తే ఆమె పుట్టింటికి వెళ్ళి తినేది. తల్లి పోయాక అదీ మానేసింది. తన చేతి వాసనకు ఆయనకేమైనా అయితే? అందుకే నాలుక ఎంత లాగినా ఊరుకునేది.

"ఇవాళ ఒక్కరోజేగా అక్కా. ఇంటికెళ్ళి స్నానం చేసి బట్టలు మార్చుకో."

పళ్ళక్క భర్తకు ఫోన్ చేసింది. "ఏవండీ, గంటమ్మ పుట్టినరోజు. బయటే తినేసి వస్తాను."

"తిను, తిను. నాకు షాపులో సరుకు సర్దుకోవడమే సరిపోయేట్టుంది. అక్కయ్య ఏదో పంపిస్తానంది, ఇక్కడే తినేస్తాను" అన్నాడాయన.

చేప తినబోతున్నానని చెప్పనందుకు ఆమెకు మనసు కాస్త పీకింది. మొగుడి దగ్గర దాచడం ఆమెకు అలవాటు లేదు.

రేవు పక్కన రేకుల కప్పు కింద పొడుగాటి తిండిశాల. ముందువైపు ఐసు మీద చేపలు పరిచి ఉన్నాయి. పళ్ళక్క చెప్పులు తడుస్తున్నా చూసుకోకుండా వంగి, ఒక్కో చేప మొప్ప ఎత్తి చూసింది. కళ్ళు ఉబ్బెత్తుగా, మెరుస్తూ ఉన్న ఒకదాన్ని ఎంచింది.

"పీతలు లేవా?" అని గంటమ్మ అడిగింది.

"మంచివన్నీ అయిపోయాయమ్మా. ఆ మూల బల్ల వాళ్ళు ప్రతి వారం వస్తారు. వాళ్ళకోసం ముందే తీసిపెడతాం" అంది చేపలమ్మే ఆవిడ, గడ్డంతో లోపలికి చూపిస్తూ.

పళ్ళక్క అటు చూసింది.

మూల బల్ల దగ్గర ఆమె భర్త కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఆయన అక్క. మధ్యలో గుట్టగా పీత డిప్పలు. ఆయన పీత కాలొకటి పట్టుకుని, కణుపు దగ్గర పంటితో చిట్లించి, లోపలి కండను చెక్కు చెదరకుండా లాగి నోట్లో వేసుకుంటున్నాడు.

పళ్ళక్కకు ఏమీ తట్టలేదు. ఒక్కటే తట్టింది, ఆయన గొంతు వాచిపోతుందని.

"ఏవండీ! వద్దు, వద్దు, ఉమ్మెయ్యండి!" అని అరుస్తూ పరిగెత్తింది. దారిలో కుర్చీ ఒకటి పడిపోయింది. ఆయన చేతిలోని ముక్కను తోసేసి, చొక్కా జేబులో వెతికి మాత్రల అట్ట బయటికి లాగింది. "నీళ్ళు! ఎవరైనా నీళ్ళు తెండి! ఈయనకి పడదు, ఊపిరాడదు!"

తింటున్న వాళ్ళందరూ తిరిగి చూశారు. వడ్డించే పెద్దాయన గ్లాసుతో పరిగెత్తుకొచ్చాడు. భర్త ముఖం చూసి ఆగిపోయాడు.

"ఎవరికమ్మా పడనిది? సార్‌కా? సార్‌కి పీతలంటే ప్రాణం. నేను చేరినప్పటి నుంచీ వస్తున్నారు. ఏనాడూ ఏం కాలేదే!"

పళ్ళక్క చేతిలోని అట్ట వైపు చూసింది. రేకు మీద అక్షరాలు చెరిగిపోయాయి. ఒక్క మాత్ర కూడా తీయలేదు. మళ్ళీ భర్త ముఖం చూసింది. గొంతు వాచలేదు. ఊపిరి ఆడుతోంది. పెదవులకు మసాలా అంటుకుని ఉంది.

"అందరూ చూస్తున్నారు, కూర్చో అమ్మాయ్" అంది ఆడపడుచు మెల్లగా.

"మీకూ తెలుసన్నమాట వదినా." పళ్ళక్క ఆమె వైపు తిరిగింది. "పెళ్ళయిన కొత్తలో మీరే చెప్పారు. చిన్నప్పుడోసారి చేపముక్క తిని చావు తప్పిందని చెప్పారు. మిమ్మల్ని పట్టుకుని ఏడ్చాన్నేను."

"వాడు చెప్పమంటే చెప్పాను. దానికింత రభసా? ఏ ఆడదాన్నో వెంటేసుకొచ్చాడా ఏంటి? సొంత అక్కతో కూర్చుని నాలుగు పీతలు తిన్నాడు."

"ఆడదైతే మీ తమ్ముడి మీద ఉమ్మేసి పోయేదాన్ని వదినా. అది నాకూ ఆయనకీ మధ్య సంగతి. ఇది మా అమ్మ సంగతి."

భర్త తల దించుకున్నాడు.

ఆయన అత్తారింటికి వస్తున్నాడంటే ముందు రోజే పళ్ళక్క తల్లి వంటిల్లంతా కడిగేది. గిన్నెలు బూడిదతో తోమి, చాలవని వేడినీళ్ళలో మరిగించేది. తండ్రి పడవ దిగి నేరుగా ఇంట్లోకి రాకుండా బయటే స్నానం చేసి వచ్చేవాడు. ఆయన ముందు కూరగాయలు పెట్టి, ఇంకేం పెట్టాలో తెలియక తల్లి గుమ్మం పట్టుకుని నిలబడేది. చివరికి ఆసుపత్రి మంచం మీద కూడా ఆమెకు అదే బాధ. "అల్లుడికి నా చేత్తో ఒక్క చేపముక్క పెట్టలేకపోయాను" అంది. అప్పుడు ఈయన ఆమె చెయ్యి పట్టుకుని, "ఏం చేస్తాం అత్తయ్యా, నా ఒంటికి పడదు" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

"ఎందుకండీ?" అని అడిగింది పళ్ళక్క. "అదొక్కటి చెప్పండి."

ఆయన పీత డిప్పల వైపు చూస్తూ చెప్పాడు. "పెళ్ళి కుదిరాక మొదటిసారి మీ ఇంటికొచ్చినప్పుడు... మీ నాన్న పెరట్లో చేపలు కోస్తున్నారు. మోచేతుల దాకా నెత్తురు, పొలుసులు. ఆ చేతులే తుడుచుకుని నాకు నీళ్ళిచ్చారు. ఇల్లంతా ఆ వాసన. నాకు వికారం పుట్టింది. ఆ ఒక్క పూట తప్పించుకుందామని పడదని చెప్పేశాను. తర్వాత మీవాళ్ళు దాన్ని అంత పట్టించుకున్నారు. ఇంక అబద్ధమని ఏ మొహంతో చెప్పను?"

"మరి ఇక్కడ కోసేవాళ్ళ చేతులకి నెత్తురంటదా?"

"ఇక్కడ వేరు."

"ఏం వేరు?"

"వీళ్ళు మనకి చుట్టాలు కాదుగా" అన్నాడాయన. అన్నాక గానీ ఆ మాట ఎంత దూరం వెళ్ళిందో ఆయనకు తెలిసినట్టు లేదు. తల ఎత్తి భార్య ముఖం చూశాడు.

పళ్ళక్క మాత్రల అట్టను ఆయన పళ్ళెం పక్కన పెట్టింది. వెనక్కి తిరిగి గంటమ్మ కూర్చున్న బల్ల దగ్గరికి వచ్చింది. అప్పటికే చేప వచ్చి పొగలు కక్కుతోంది. జన్మలో మొదటిసారి గంటమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"వెళ్ళిపోదామా అక్కా?"

"ఎందుకు? తప్పు చేసింది మనమా?"

ఆమె తినడం మొదలుపెట్టింది. ఎక్కడైనా ఓ వంక దొరికితే బాగుండునని వెతికింది. ఉప్పు సరిపోయింది. పైన కరకరలాడుతోంది, లోపల పొరలుపొరలుగా విడిపోతోంది. కళ్ళు మూసుకుపోబోతే బలవంతంగా తెరిచి ఉంచింది. ఈ రుచిని ఆయన వారం వారం చవిచూసి, ఇంటికొచ్చి తన ముందు మజ్జిగ తాగి, "కడుపులో ఏం బాలేదు" అని పడుకునేవాడు. తను వాము నలిపి తినిపించేది. కళ్ళనీళ్ళు కారి చేప మీద పడ్డాయి. తుడుచుకోకుండా ముళ్ళు మాత్రమే మిగిలేదాకా తింది.

బయట ఆయన స్కూటర్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె ఆయన పక్కనుంచే నడిచి గంటమ్మ పిలిచిన ఆటో ఎక్కింది. ఆ రాత్రికి గంటమ్మ ఇంట్లో పడుకుని, మర్నాడు తమ్ముడి దగ్గరికి వెళ్ళింది.

తమ్ముడు ఇప్పుడు తండ్రి పడవ నడుపుతున్నాడు. ఒక్కతే వచ్చిన ఆమెను చూసి మరదలు, "అన్నయ్యగారు రాలేదా? అయ్యో, గిన్నెలు కడిగి పెట్టాను, ఆయనకి వేరే వండుదామని" అంది.

"ఇంకెప్పుడూ వేరే వండకు" అని పళ్ళక్క జరిగిందంతా చెప్పింది. తమ్ముడు వల బాగుచేస్తూ అంతా విన్నాడు. ఆ తర్వాత అడిగిందొక్కటే. "నాన్నకి తెలుసంటావా అక్కా? ఆయన చివర్లో బావ ముందుకి రావడమే మానేశాడు."



కొన్నాళ్ళకు భర్త అక్కడికి వచ్చాడు. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. తనంతట తనే పీట వాల్చుకుని, "చేప ఉంటే పెట్టమ్మా" అని మరదలిని అడిగాడు. ఆమె వదిన వైపు చూసింది. పళ్ళక్క ఔననీ కాదనీ అనలేదు. మరదలు పెట్టింది. ఎంతైనా ఆ ఇంటివాళ్ళు అడిగినవాళ్ళకు లేదనలేరు. ఆయన తలెత్తకుండా తిన్నాడు. ముల్లు తీయడంలో ఎక్కడా తడబడలేదు. అది చూడలేక పళ్ళక్క పెరట్లోకి వెళ్ళింది.

తినడం అయ్యాక ఆయన చేతులు కడుక్కుని ఆమె దగ్గరికి వచ్చాడు.

"తప్పయిపోయింది. ఇంటికి రా."

"నన్నడిగితే ఎలా? అడగాల్సినవాళ్ళు పోయారు."

అయినా చివరికి ఆమె వెళ్ళింది. ఆసుపత్రి ఉన్నది అక్కడే, ఆ ఇంటి సగం కట్టుబడి ఆమె జీతమే. ఎవరికోసమో తన ఇల్లు ఎందుకు వదులుకోవాలనుకుంది. వెళ్ళిన రోజే చేపలు తెచ్చి వండింది. ఇల్లంతా వాసన నిండింది. కిటికీలు తెరవలేదు. ఆడపడుచు గుమ్మం దాకా వచ్చి, ఆ వాసనకు ఏమనుకుందో, లోపలికి రాకుండానే వెళ్ళిపోయింది.

ఆయన పళ్ళెం తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు. మొదటి ముద్ద తిని, "బాగుంది" అన్నాడు.

పెళ్ళయినప్పటి నుంచి ఆమె ఏం వండినా ఆయన అదే మాట అనేవాడు. ఆ మాటకోసమే ఎన్నోసార్లు ఎండలో బజారుకు వెళ్ళి, లేత కూరగాయలు ఏరి తెచ్చి, పొయ్యి ముందు చెమటలు కక్కింది. ఇప్పుడు ఆయన ముఖంలోకి పట్టిచూసింది. నిజంగానే బాగుందో, బాగుందని అంటున్నాడో ఎంత చూసినా ఆమెకు తెలియలేదు.