మౌన గడువు

ఆ కార్యాలయంలో దేనికైనా అవుననిపించాలంటే ఎవరినీ అడగనక్కరలేదు. కాగితం ఆరు దేశాల ప్రతినిధులకూ పంపి, ఫలానా రోజు సాయంత్రం ఐదింటిలోగా ఎవరూ కాదనకపోతే అందరూ ఒప్పుకున్నట్టేనని అడుగున ఒక వాక్యం రాస్తే చాలు. దాన్ని మౌన గడువు అంటారు. పెద్దలు మౌనాన్ని అర్ధాంగీకారం అన్నారు గానీ, అడిస్ అబాబాలోని ఆ ఐదంతస్తుల మేడలో అది పూర్తి అంగీకారమే.

యెషారెగ్ పన్నెండేళ్ళుగా ఆ గడువులు నడిపిస్తోంది. తూర్పు ఆఫ్రికాలో పశువుల మీద బతికే ఆరు దేశాలు కలిసి పెట్టుకున్న సంఘం అది. ఐదేళ్ళకోసారి సంఘం ఏం చెయ్యాలో ప్రణాళిక రాయించడం, దానికి డబ్బు సాయం చేసే బయటి దేశాల భాగస్వాములను కూర్చోబెట్టి ఒప్పించడం ఆమె ఉద్యోగం. వినడానికి గొప్పగానే ఉంటుంది. నిజానికది పెళ్ళిలో వంటవాళ్ళకీ వియ్యంకులకీ మధ్య తిరిగే మనిషి బతుకు. పులుసులో ఉప్పు తగ్గినా ఆమెదే తప్పు, వియ్యపురాలు అలిగినా ఆమెదే తప్పు.

ఈసారి భాగస్వాములు ఒక షరతు పెట్టారు. ప్రణాళికలో అంశాలు ఐదే ఉండాలట. ఐదైతే వాళ్ళ దేశాల్లో పెద్దలకు చెప్పుకోవడం తేలికట. ముసాయిదాలో ఉన్న ఆరోది ఏమైపోతుందని అడిగితే, బాగుంది, చాలా విలువైనది, తర్వాత చూద్దాం అన్నారు. ఆ ఆరో అంశం సరిహద్దు బావుల కేంద్రాలు.

అలాంటి కేంద్రాలు మూడున్నాయి. మొదటిది ఎల్‌దీమలో. అక్కడ బావులు ఇవతలి దేశంలో, గడ్డి అవతలి దేశంలో. ఎండాకాలం వస్తే నీళ్ళ కోసం వాళ్ళూ గడ్డి కోసం వీళ్ళూ గీత దాటేవాళ్ళు, ప్రతి ఏడూ ఎవరో ఒకరు పోయేవాళ్ళు. చివరి గొడవలో పోయిన ముగ్గురిలో, జత్తాని అనే ముసలి కాపరి పెద్దకొడుకు ఒకడు. ఆ తర్వాతే కేంద్రం వచ్చింది. రేకుల పాక, ఒక బల్ల, ఒక రేడియో. ఎవరి మంద ఏ రోజు నీళ్ళకు రావాలో, ఏ పశువుకు ఏ రోగం తగిలిందో రెండు వైపుల మనుషులూ అక్కడే కూర్చుని తేల్చుకుంటారు. ఇవతలి వైపు మనిషి జత్తానియే. కొడుకును చంపినవాళ్ళ బంధువుతో ఒకే బల్ల దగ్గర కూర్చుని తొమ్మిదేళ్ళుగా టీ తాగుతున్నాడు. ఈ తొమ్మిదేళ్ళలో అక్కడ ఒక్క ప్రాణం పోలేదు.

ఆ కేంద్రం ఆలోచన యెషారెగ్‌దే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎల్‌దీమలో నెలరోజులుండి, తిరగేసిన నీళ్ళ డబ్బా మీద కూర్చుని రాసింది. ఆమె రాసినవాటిలో మనుషులకు పనికొచ్చింది అదొక్కటే. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

గడువుకు రెండు వారాల ముందు జత్తాని ఫోన్ చేశాడు.

"యెషీ, కేంద్రాలు తీసేస్తారని ఇక్కడ చెప్పుకుంటున్నారు. నిజమేనా?"

"తీసెయ్యడం కాదు గాషె, అనుబంధంలో పెట్టాం." పెద్దాయనని మన్నించి పిలిచే ఆ పిలుపు ఆమె మొదటినుంచీ వదల్లేదు.

"అనుబంధమంటే?"

"అంటే... సాయం చేసేవాళ్ళు ఎవరైనా దొరికితే చేస్తాం."

"అంటే తీసేశారు." ముసలాయన నవ్వాడు. "సరేలే, మా ఒంటెలక్కూడా అనుబంధంలోనే నీళ్ళు పెడతా."

ఆ నవ్వు ఆమెను తిట్టిన దానికన్నా ఎక్కువ బాధపెట్టింది. "ఆరు దేశాల్లో ఒక్కళ్ళు కాదన్నా ఆగిపోతుంది గాషె. నేను ఆపిస్తా, మాటిస్తున్నా," అంది.

మాటైతే ఇచ్చింది గానీ, కాదనే హక్కు ఆమెకు లేదు. ఆమె సంఘం ఉద్యోగి, సభ్యదేశం కాదు. ఆమె చేతిలో ఉన్నదల్లా ప్రణాళికతో పాటు వెళ్ళే ఉత్తరం ఒక్కటే. అందులో నాలుగు వరుసలు రాసింది. బావుల కేంద్రాలను పక్కన పెడితే అక్కడ మళ్ళీ నెత్తురు పారుతుందని, ఇది దేశాలు ఆలోచించవలసిన విషయమని. ఆమె పై అధికారి ఇద్రీస్ దాన్ని చదివి కళ్ళద్దాలు తీశాడు.

"ఈ నాలుగు వరుసలూ ఎందుకమ్మా? భాగస్వాముల కంటబడితే, వీళ్ళలో వీళ్ళకే పొత్తు కుదర్లేదనుకుంటారు. నీ పని అందర్నీ కలపడం. పక్షం పట్టడం కాదు."

"అక్కడ మనుషులు పోతారండీ."

"ఎక్కడ పోవట్లేదు చెప్పు? ఐదంశాలూ నిలబడితే అందులోంచే తర్వాత ఏదో చూసుకుందాం. తీసెయ్."

పదేళ్ళ కిందటైతే ఆమె బల్ల గుద్దేది. ఇప్పుడు నలభై ఆరేళ్ళు. జూన్‌లో ఉద్యోగ ఒప్పందం మళ్ళీ రాయాలి, రాసేది ఈయనే. కక్కలేక మింగలేక "తీసేస్తానండీ," అంది. అని, తన మనసుకు తనే సర్దిచెప్పుకుంది. ఉత్తరంతో పనేముంది, ఒతుంగా ఉన్నాడు కదా అనుకుంది.

ఒతుంగా అవతలి దేశపు ప్రతినిధి. ఎల్‌దీమకు రెండుసార్లు వెళ్ళొచ్చిన మనిషి, మంచివాడు. గురువారం ఆయన్ను కాఫీకి పిలిచింది. అడిస్‌లో ఏదైనా ముఖాన అడగడం మొరటుతనం. అడగదలచుకున్నదాని చుట్టూ మూడు ప్రదక్షిణలు చేస్తేనే మర్యాద. మొదటి కప్పులో ఆయన పిల్లల చదువులు, రెండో కప్పులో ఉపవాసాల నెలలో శనగపిండి పులుసు తినీ తినీ విసుగొచ్చిన సంగతి మాట్లాడుకున్నారు. మూడో కప్పులో ఆమె అసలు విషయానికి వచ్చింది. వచ్చాననుకుంది.

"మీ సరిహద్దు వైపు వానలెలా ఉన్నాయి?"

"ఏం లేవమ్మా."

"బావుల దగ్గర ఈ ఏడు కష్టమేనేమో."

"కష్టమే."

"ప్రణాళిక చదివే ఉంటారు. అనుబంధం కూడా."

"చదివాను." ఆయన కాసేపు ఆమె ముఖంలోకి చూశాడు, ఆమె ఇంకేదైనా అంటుందేమోనన్నట్టు. "రేపే కదా గడువు?"

"రేపే. ఐదింటికి."

ఆయన తలాడించాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటినుంచి ఆమె కంప్యూటర్ ముందు నుంచి కదల్లేదు. ఒక దేశంనుంచి అక్షరదోషాల పట్టిక వచ్చింది. ఇంకో దేశం తమ జెండా రంగు ముదురుగా అచ్చయిందని రాసింది. అలాంటివాటికి మాత్రం ఎవరూ మౌనంగా లేరు. నాలుగున్నరకు వాన మొదలైంది. ఐదయింది. ఐదూ పదయింది. ఒతుంగా దగ్గర్నుంచి ఏమీ రాలేదు. ఇక ఆగలేక ఫోన్ చేసింది.

"మీరు రాస్తారనుకున్నానండీ," అంది. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"ఏం రాస్తాననుకున్నారు?"

"కాదని. బావుల కేంద్రాల కోసం."

"నిన్న కాఫీ దగ్గర మీరే అడుగుతారని చూశానమ్మా. అడగలేదు. మీరు పంపిన ఉత్తరం మూడుసార్లు తిరగేశా. అందులో ఒక్క ముక్క లేదు. మీరు కన్న బిడ్డ అది. మీరే ఒప్పుకున్నారంటే నాకు తెలీని కారణమేదో ఉందనుకున్నా. మా రాజధానిని అడక్కుండా నేను కాదనలేను. వాళ్ళకి చూపించడానికి మీది ఒక్క వాక్యం ఉంటే చాలేది."

"ఇప్పుడు రాయండి. పావుగంటే కదా దాటింది."

"రాస్తా. రాజధానికి తర్వాత నేను చెప్పుకుంటా. మీవాళ్ళు తీసుకుంటారా?"

ఆమె పరుగున ఇద్రీస్ గదికి వెళ్ళింది. ఆయన అప్పటికే ఆమోదపు ఉత్తరం మీద సంతకం చేసి, కోటు వేసుకుంటున్నాడు.

"పావుగంట ఆలస్యంగా ఒక దేశం అభ్యంతరం పంపుతోందండీ. తీసుకుందాం."

"పోయినేడు అదే దేశం పది నిమిషాలు ఆలస్యంగా పంపితే తిప్పికొట్టిందెవరు?" ఆయన గొంతులో కోపం లేదు. "ఐదంటే ఐదేనని నువ్వే రాశావు. నీ ఉత్తరం ఫైల్లోనే ఉంది. ఇవాళ తీసుకుంటే మిగతా దేశాలవాళ్ళు నన్ను బతకనిస్తారా?"

అది నిజమే. ఆ ఉత్తరంలో ఆమె మూడు నిబంధనలు కూడా ఉదహరించింది. అప్పుడు దాన్ని అందరూ మెచ్చుకున్నారు.

తిలా పాపం తలా పిడికెడు అంటారు. కానీ గదికి తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డాక, యెషారెగ్ ఎంత పంచిపెట్టబోయినా తన పిడికెడు తరగలేదు. భాగస్వాములు అడగవలసింది అడిగారు. ఇద్రీస్ భయపడవలసినట్టు భయపడ్డాడు. ఒతుంగా ఎదురుచూశాడు. నోరున్నది తనకు, కారణం తెలిసినది తనకు. ఆమె ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుని ఎల్‌దీమకు ఫోన్ చేసింది, ఈ సంగతి ఇంకొకరి నోట ఆయన వినకూడదని.

జరిగిందంతా చెప్పింది. ఫోన్‌లో పశువుల అరుపులు, ఎవరో నీళ్ళు తోడుతూ పాడుతున్న కూనిరాగం వినబడుతున్నాయి.

"ఒక్కరూ కాదన్లేదా?" అన్నాడు జత్తాని.

"అన్లేదు గాషె."

"అందర్నీ అడిగారా?"

"అడగడం ఉండదు. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే."

"అదేం పద్ధతే తల్లీ? ఇక్కడ బావికాడ ఊరుకున్నవాణ్ణి వదిలిపెట్టం. నీ మాటేంటని మూడుసార్లు అడుగుతాం. అప్పటికీ నోరిప్పకపోతే ఆ పూట నీళ్ళు తోడం. ఊరుకున్నవాడే కదా తర్వాత ఈటె పట్టుకొచ్చేది." ఆ తర్వాత అడిగాడు. "నిన్నెవరన్నా అడిగారా?"

"లేదు."

"నేనడుగుతున్నా. నీ మాటేంటి?"

ఆమె బల్లమీది ప్రణాళిక ప్రతిని దూరంగా నెట్టింది.

"నీ మాటేంటి యెషీ?"

కిటికీ బయట వాన వెలిసి, ఉద్యోగులు ఇళ్ళకు పోతున్నారు. ఆమె కళ్ళు తుడుచుకుంది.

"చెప్పమ్మా. నీ మాటేంటి?"

"ఉండాలి గాషె. కేంద్రం ఉండాలి."

"ఊఁ," అన్నాడు ముసలాయన. తర్వాత మామూలు గొంతుతో అడిగాడు. "నాతో టీ తాగే అవతలి ఆయన రోజూ పొద్దున్నే రెండు గంటలు నడిచొస్తాడు. ఎప్పటిదాకా రమ్మని చెప్పను?"

"జూన్ నెలాఖరుదాకా," అంది యెషారెగ్. కేంద్రాలకు డబ్బు ఆగే ఆ తేదీని ప్రణాళికలో వేసింది ఆమే.