అక్క మాట, చెల్లెలి నోట

బడిలో పిల్లలంతా ఆమెను కనుబొమ్మ అని పిలిచేవారు. నోటితో కాదు. చూపుడువేలితో కుడి కనుబొమ్మను పైకి తోసి చూపించేవారు, అదే ఆమె పేరు. పుట్టుకతోనే ఆమెకు వినపడదు. చేతులు ఏం చెప్పినా, అది ప్రశ్నో, కోపమో, వెటకారమో ముందుగా ఆ కనుబొమ్మే బయటపెట్టేసేది.

ఆ బధిరుల బడిలో బొమ్మలు గీయడం నేర్పే మాస్టారూ చెవిటివాడే. చదువు ముగిసిన పిల్లల్ని పోగుచేసి ఆయన నాటక బృందం పెట్టాడు. వాళ్ళు ఆడేది ప్రభుత్వానికి చెందిన ఒక పాత రంగశాలలో, దాని వేదికంతా చెక్క. పక్కతెర వెనుక మాస్టారు పెద్ద డోలును నేలకు ఆనించి కొడితే, ఆ అదురు పలకల మీదుగా పాకి నటుల అరికాళ్ళకు అందేది. ఎప్పుడు రావాలో, ఎక్కడ ఆగాలో కాళ్ళకే తెలిసేది. అందుకే రాణి వేషమైనా బంట్రోతు వేషమైనా అందరూ చెప్పులు లేకుండానే ఆడేవారు. ఆమె పన్నెండేళ్ళు ఆ వేదిక మీద ఆడింది. రాణి వేసింది, న్యాయమూర్తి వేసింది, ఒకసారి గుర్రం కూడా వేసింది. చేతులు పైకెత్తి ఊపడమే వాళ్ళ చప్పట్లు. గుర్రానికే ఎక్కువమంది అలా ఊపారని మాస్టారు చాలాకాలం ఏడిపించాడు.

ఒక టీవీ దర్శకుడు వాళ్ళ నాటకం ఒకటి చూసి, సీరియల్లో కథానాయికకు మూగ అక్క వేషం ఇచ్చాడు. అతనికి ఆమె మొహమంటే మోజు. కెమెరాను ఎప్పుడూ దగ్గరకు తెచ్చేవాడు, చేతులేమో తెర కిందే ఉండిపోయేవి. బృందమంతా కూర్చుని చూసిన రోజున, తల మాత్రం బాగా నటించిందని మాస్టారు సైగ చేశాడు. ఆమె పకపకా నవ్వింది, తర్వాత ఆ సీరియల్ చూడటం మానేసింది. నాలుగో ఏట కథలో ఆ అక్కకు ఆపరేషన్ చేయించి మాట తెప్పించారు. ఆమె పెదవులు కదిపింది, ఇంకెవరో గొంతు పెట్టారు. బజారులో ఆడవాళ్ళు ఆమె గడ్డం పట్టుకుని ఒక్క మాట మాట్లాడమని అడిగేవారు. పెదవుల కదలికను బట్టి ఆమెకు అర్థమయ్యేది. తల అడ్డంగా ఊపితే గర్వమనుకునేవారు.

సీరియల్ తెచ్చిన పేరుతోనే ప్రభుత్వ కళల కార్యాలయంలో సహాయ సంచాలకురాలి పదవి వచ్చింది. ఆమె సైగల్ని గొంతుతో చెప్పడానికి ఆమె సొంత చెల్లెల్ని కూడా అక్కడే వేశారు. చెల్లెలికి వినపడుతుంది, కానీ అక్కను చూసి మాటలకంటే ముందు సైగలే నేర్చిన పిల్ల. అద్దాల దుకాణంలో లెక్కలు రాసే పని మానేసి వచ్చింది. ఇద్దరూ ఒకే బస్సులో వెళ్ళి, ఒకే డబ్బాలోది తినేవారు.

రెండో ఏడు రంగశాలకు మరమ్మతులన్నారు. పలకలకు చెదలు పట్టాయి, తీసేసి సిమెంటు పోసి పైన తివాచీ పరవాలని ఇంజనీరు చెప్పాడు. సమావేశంలో ఆమె లేచి నిలబడింది. ఆ చెక్కే మా చెవులు, అది తీసేస్తే మా బృందాన్ని మూసేసినట్టే, చెదలు పట్టిన పలకలు మార్చండి కానీ సిమెంటు పోయడానికి నేను ఒప్పుకోను, అని చెప్పింది. చెల్లెలు ఆ మాటల్ని గొంతుతో చెప్పింది. బల్ల చుట్టూ అందరూ చిరునవ్వు నవ్వారు. కార్యాలయం పెద్దసారు కూడా ప్రేమగా తలాడించాడు. మాట తలకెక్కిందని ఆమె అనుకుంది. తర్వాత వచ్చిన కాగితం మీద, హాజరు పట్టీ అనుకుని, అందరితోపాటు సంతకం పెట్టింది.

సిమెంటు పోశారు. తన మాట విని కూడా కాదన్నారని ఆమె అనుకుంది. కొత్త వేదిక మీద మొదటి నాటకంలో మాస్టారు ఒళ్ళంతా చెమటలు కక్కుతూ డోలు కొట్టాడు. ఎవరి కాలికీ ఏమీ అందలేదు. న్యాయమూర్తి తీర్పు చెప్పేశాక దొంగ లోపలికొచ్చాడు. ముందు వరుసలో అతిథులు అది హాస్యమనుకుని చప్పట్లు కొట్టారు. నటులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మధ్యలోనే నిలబడిపోయారు.

మర్నాడు ఆమె సమావేశపు ఫైలు తెప్పించి చదివింది. మార్పును సభ్యులంతా ఏకగ్రీవంగా ఆమోదించారని ఉంది, కింద ఆమె సంతకం. చెల్లెల్ని ఎదురుగా కూర్చోబెట్టి ఆ రోజు ఏం చెప్పావని అడిగింది.

చెల్లెలు సైగ చేస్తూనే నోటితో కూడా అంది: "అక్కకి ఆ పాత నేలంటే చాలా ఇష్టమండీ అని చెప్పాను. ఒప్పుకోనని అంటే నీ ఉద్యోగం పోతుందేమోనని భయపడ్డానక్కా. నాదీ పోతుందని."

"ఇంకెన్నిసార్లు ఇలా చెప్పావు?" అని ఆమె చేతులు అడిగాయి.

"గుర్తులేదక్కా," అంది చెల్లెలు. ఆ పిల్ల అబద్ధం చెప్పడం లేదని ఆమెకు తెలుసు.

ఆమె మాస్టారింటికి వెళ్ళింది. ఆయన అప్పటికే ఆ ఫైలు కాగితం నకలు చూశాడు. సంతకం నీదేనా అని అడిగాడు. నాదేనని ఒప్పుకుని, జరిగినదంతా చెప్పడం మొదలుపెట్టింది. చెల్లెలి దగ్గరికి వచ్చేసరికి ఆయన చూపు తిప్పుకుని కిటికీలోంచి వీధిలోకి చూడసాగాడు. చెవిటివాళ్ళ మధ్య అంతకంటే పెద్ద తిట్టు లేదు. ఆమె చేతులు గాల్లోనే ఆగిపోయాయి. భుజం తట్టి ఆయన్ని తనవైపు తిప్పుకోవచ్చు, కానీ చెయ్యి రాలేదు.

ఆ ఏడాదే బృందం చెదిరిపోయింది. ఒకడు దర్జీ పనిలో, ఇద్దరు సామాన్ల గోదాములో కుదిరారు. మాస్టారు మళ్ళీ ఆమె ముందు చేతులు ఎత్తకుండానే చలికాలంలో పోయాడు. ఆమె రాజీనామా రాసిచ్చింది. మీరు మా కార్యాలయానికే గర్వకారణమంటూ పెద్దసారు దాన్ని సొరుగులో పెట్టుకున్నాడు. ఇంకో దుబాసి కావాలని రాస్తే, సైగలు వచ్చినవాళ్ళు దొరకడం లేదని జవాబు వచ్చింది.

నెలనెలా సమావేశాలు జరుగుతూనే ఉన్నాయి. ఆమె కుర్చీ పక్కనే చెల్లెలి కుర్చీ. అంతా అయ్యాక మీ అభిప్రాయం ఏమిటని పెద్దసారు అడుగుతాడు. ఆమె కనుబొమ్మ కదలదు. నీ ఇష్టమన్నట్టు ఒంటి చేత్తో చిన్న సైగ చేస్తుంది. చెల్లెలు దానికి రెండు మూడు వాక్యాలు చెబుతుంది.