లూజు లేని హబ్బు

కూర్మారావు చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. అది కదల్లేదు. నైట్ షిఫ్టు దిగి వచ్చిన మనిషికి నిద్రతో కళ్లు మూతలు పడుతున్నాయి. అయినా వదలకుండా "హిలా?" అని అడిగాడు. "నహీ హిలా" అన్నాడతను ఆవులిస్తూ. ఆ మాట చెవిన పడ్డాకే చక్రం సైకిలుకి ఎక్కింది.

టాటానగర్ దగ్గర పర్సుడీహ్ బజారులో అతని సైకిలు కొట్టు దగ్గర రోజూ జరిగే తంతే ఇది. బాగుచేసిన చక్రాన్ని గిరాకీ ఎదుటే ఊపాలి, కదల్లేదని అతని నోటితోనే అనిపించాలి. తొందరలో ఉండి తలూపి ఊరుకునే వాళ్లకి కూర్మారావు చక్రం ఇవ్వడు. ఇచ్ఛాపురం వైపు నుంచి కార్ఖానాలో పని కోసం వచ్చి, అది దొరక్క, రోడ్డు పక్కన రేకుల కింద పానా పట్టిన మనిషి. ఇంతకు మించిన డాబు అతనికి ఇంకేముంది? జుట్టు నెరిసింది. వేళ్ల గీతల్లో దిగిన గ్రీజు సబ్బుకి లొంగడం ఎప్పుడో మానేసింది. కానీ కూర్మారావు చేతిలోంచి వెళ్లిన చక్రంలో లూజు ఉందని మాత్రం ఎవరూ అనలేదు.

ఎండ రేకుల మీదికి వచ్చే వేళకి మనోజ్ఞ ఆటో దిగింది. సోనారిలో ఇంజనీరుగారి అమ్మాయి. ఆమె సైకిలంటే బజారంతటికీ వింత. చిన్న చక్రాలు, ఇరుసుల చివర కాళ్లు పెట్టుకోవడానికి ఇనప గొట్టాలు. ఆమె సీటు మీద కూర్చోవడమే తక్కువ. ఆ గొట్టాల మీద నిలబడి, ముందు చక్రం గాల్లోకి లేపి, సిమెంటు గచ్చు మీద గుండ్రంగా వెనక్కి పోతుంది. ఒకసారి ఈ కొట్టు ముందే చేసి చూపిస్తే కూరగాయలవాళ్లు తూకం ఆపి చూశారు. ఆ పూటంతా కూర్మారావు, ఆ పిల్ల తన కడుపునే పుట్టినట్టు ఛాతీ విరుచుకు తిరిగాడు.

ఇవాళ ఆమె ఒక చేత్తో వెనక చక్రం, మరో చేత్తో అట్టపెట్టె పట్టుకుని వచ్చింది. ఎడమ మణికట్టు మీద ఆపరేషన్ గీత ఇంకా ఎర్రగానే ఉంది.

"అంకుల్, సాయంత్రం ట్రైన్‌కి కలకత్తా వెళ్లిపోతున్నా. జాబ్ వచ్చింది. ఈ పాత హబ్ తీసేసి ఇది వేసేయండి."

కూర్మారావు పెట్టెలోని హబ్బు తిప్పి చూశాడు. మామూలుదే. చక్రం వెనక్కి పోతే దీంతో పెడళ్లు కూడా వెనక్కి తిరుగుతాయి.

"పాతది ఫ్రీకోస్టరు గదా తల్లీ. ఎనక్కి పోయినా పెడలు తిరగదని నువ్వే సెప్పేవు. దీంతోటి నీ ఎనక్కెల్లే ఆట ఎలాగ?"

"ఛోడ్ దియా, అంకుల్. వెనక్కి వెళ్లేవి మానేశా." ఆమె నవ్వబోయి ఊరుకుంది. "ఏది పెట్టాలా అని చాలా ఆలోచించా. పాతది తేలిక, నాకు అలవాటు. కానీ దానిమీద నమ్మకం పోయింది. మొదట్లో పెడల్ పావు చుట్టు ఖాళీగా తిరిగి, అప్పుడు పట్టేది. ఆ ఖాళీ ఉంటే, వెనక్కి పోతున్నప్పుడు కాలు కాస్త తగిలినా ఏం కాదు. దసరా తర్వాత ఆ ఖాళీ దానంతట అదే పోయింది. నేను చూసుకోలేదు. కాలు తగిలింది, టక్కున పట్టేసింది, ఎత్తి పడేసింది. పురానా మాల్ హై, ఏం చేస్తాం."

కూర్మారావు చేతిలో హబ్బు తిరగడం ఆగింది.

దానంతట అది పోలేదు. దసరాకి ఆమె విరిగిన స్పోకులు మార్చమని చక్రం ఇచ్చి వెళ్లింది. హబ్బులో అంత లూజు చూసి అతని ప్రాణం ఒప్పుకోలేదు. పాపం, పాత సరుకు అంటగట్టారనుకున్నాడు. నెయ్యి డబ్బా రేకు గుండ్రంగా కత్తిరించి, వాషరు చేసి లోపల వేసి, ఆ ఖాళీ మూసేశాడు. ఉచితంగా చేసిన పనిని చెప్పుకుంటే గొప్పలు పోయినట్టుంటుందని చెప్పలేదు. పడిందని తెలిసినప్పుడు బత్తాయిలు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాడు కూడా.

ఆమె వెళ్లగానే హబ్బు విప్పాడు. రేకు అక్కడే ఉంది, అంచు అరిగి మెరుస్తూ. బజారంతా తననే చూస్తున్నట్టనిపించి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. నిజానికి అటు చూసినవాళ్లు లేరు.

మధ్యాహ్నం నూకమ్మ క్యారేజీ తెచ్చింది. మొగుడు అన్నం కెలుకుతూ కూర్చోవడం చూసింది.

"ఏటి, ముద్ద దిగట్నేదా?"

చెప్పాడు. ఆమె మధ్యలో మాట్లాడకుండా విన్నది.

"ఆ రేకు తీసేత్తే బాగుపడతాదా?"

"తీసేసేను. బాగయిపోనాది."

"మరింకేటి? సెప్పీ."

"నీ సెయ్యి నేనే ఇరగ్గొట్టేనని ఆ పిల్లకి సెప్పాలి గదే."

"ఔను. అదే సెప్పాల." నూకమ్మ గిన్నెలు సర్దుకుని వెళ్లిపోయింది.

తర్వాత అతను కొత్త హబ్బుకి స్పోకులు అల్లడం మొదలుపెట్టాడు. ఒక్కో స్పోకు బిగిస్తూ చెప్పాల్సిన మాటలు లోపల పేర్చుకున్నాడు. ఆ పిల్లకి అక్కర్లేని చక్రాన్ని తన చేతులే తయారు చేస్తున్నాయి. ఆపి, పాతదే ఎక్కించేయొచ్చు. అప్పుడు ఎందుకని అడుగుతుంది. ఆ ఎందుకు దగ్గరికి వచ్చినప్పుడల్లా అతను ఇంకో స్పోకు అందుకున్నాడు. చక్రం పూర్తయింది.

సాయంత్రం మనోజ్ఞ వచ్చినప్పుడు ఆటో నిండా సామాను ఉంది. గోనెసంచిలో చుట్టిన సైకిలు బయటికి పొడుచుకొచ్చింది.

"తల్లీ, పాతది బాగుచేసేను. ఖాళీ మళ్లా వచ్చింది. అదే ఎట్టుకో. ఇప్పుడే మార్చిత్తాను."

ఆమె హబ్బు అందుకుని పళ్లచక్రం తిప్పింది. పావు చుట్టు ఖాళీగా పోయి, మెత్తగా పట్టుకుంది. ఆమె ముఖం ఒక్కసారిగా విప్పారింది.

"ఏమైంది దీనికి?"

"లోపల రేకుముక్క పడింది."

"రేకా? ఎలా పడింది?"

ఇదే సమయం. అతను ఆమె ముఖం చూడబోయి, మణికట్టు మీది గీత చూశాడు.

"పాత మాలు గదా," అన్నాడు.

అన్నాక తన నాలుక మీద తనకే అసహ్యం వేసింది. మనోజ్ఞ ఇంకోసారి తిప్పి చూసింది. మనసు లాగుతోందని తెలుస్తూనే ఉంది. ఆఖరికి హబ్బు బల్ల మీద పెట్టేసింది.

"ఎలా పడిందో తెలియకపోతే మళ్లీ పడుతుందేమోనని భయం పోదు, అంకుల్. ఫిర్ నహీ గిర్నా ముఝే. ఇంకోసారి కిందపడలేను. కొత్తదే తీసుకెళ్తా. దీన్ని మీరే ఉంచుకోండి."

ఆమె కొత్త చక్రం ఎత్తింది. అతను తంతు మర్చిపోయాడని గమనించి, తనే రెండు చేతులా పట్టుకుని ఊపింది. ఎడమ చెయ్యి కాస్త వెనకబడింది.

"నహీ హిలా," అని నవ్వింది. "మీ చెయ్యి పడిన చక్రం కదా." వంగి అతని కాళ్లకి దణ్ణం పెట్టి ఆటో ఎక్కింది.

కాళ్లు వెనక్కి తీసుకునే వ్యవధి కూడా అతనికి దొరకలేదు. కాసేపటికి టాటానగర్ స్టేషను వైపు నుంచి బండి కూత వినిపించింది. అది హౌరా బండి అయి ఉండొచ్చు, కాకపోవచ్చు. అతను నిలబడే విన్నాడు.

పొద్దున సైకిలు బాగుకి ఇచ్చి వెళ్లిన పాలవాడు చీకటి పడబోతుండగా వచ్చాడు. చక్రం ఊపి అడుగుతాడని అలవాటుగా ఎదురు చూశాడు. కూర్మారావు ఊపలేదు.

"పూఛోగే నహీ, కూర్మాజీ?"

"లే జావ్," అని అతను సైకిలు ముందుకి తోసి మొహం తిప్పుకున్నాడు.

బల్ల మీద, నెయ్యి డబ్బా రేకుముక్క పక్కనే, పాత హబ్బు ఉంది; వేలితో కదిపితే దాని పళ్లచక్రం పావు చుట్టు ఖాళీగా తిరిగి, అప్పుడు పట్టుకుంటోంది.